తిట్టని తీరం

"సచ్చీలుడా!"

గవ్వలదీవి రేవులో దిగిన మొదటి ఉదయం, ద్వీప వినోదాభివృద్ధి సంస్థ ఉపసంచాలకులు కోలాచలం శశిశేఖరం గారి చెవిన పడిన మొదటి మాట అది. ఒడ్డున నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిన ఒకావిడ, అప్పుడే ఇసకను తాకిన పడవలోని తన మొగుణ్ణి చూసి గాలి చిరిగిపోయేలా ఆ మాట అన్నది. గాలి అటువైపు వీస్తోందేమో, తక్కిన మాటలు ఆయనదాకా రాలేదు. ఆ ఒక్క మాటకే ఆయన కళ్ళు చెమర్చాయి.

"విన్నావా పద్మనాభం? సత్ శీలము కలవాడా అని సంబోధన! మన నగరాల్లో భార్యలు భర్తల్ని ఏమని పిలుస్తున్నారు? 'ఇదిగో' అని పిలుస్తున్నారు. 'మిమ్మల్నే' అని పిలుస్తున్నారు. ఇక్కడ చూడు, సముద్రపుటొడ్డున సంస్కృతం!"

సహాయకుడు పద్మనాభం ఆ దీవిలో చాలాకాలంగా పనిచేస్తున్నాడు. ఆవిడ అన్నది "సచ్చినోడా" అని అతనికి శుభ్రంగా వినబడింది. కాని పై అధికారి ఒకటి విన్నప్పుడు తాను వేరొకటి వినడం అతని సర్వీసులో ఎన్నడూ జరగలేదు.

"అవును సార్, చాలా సచ్చీలంగా అంది సార్" అన్నాడు.

సంస్థకు అటువంటి మాట ఒకటి అత్యవసరంగా కావలసి ఉంది. ఎందుకంటే దీవికి వచ్చే సందర్శకుల కోసం వాళ్ళు నడుపుతున్న బహిరంగ వినోదాలు అంతగా రాణించడం లేదు. ఎండ్రకాయల పరుగుపందెంలో నిబంధన ప్రకారం పోటీదారు తన గీత దాటకూడదు. ఎండ్రకాయకేమో పక్కకు తప్ప ముందుకు నడక రాదు. కిందటి సీజనంతా పోటీదారులందరూ అనర్హులైపోతే, బహుమతి కప్పులో న్యాయనిర్ణేత కాఫీ తాగుతున్నాడు. కొబ్బరిచెట్టు ఎక్కే పోటీకి శిరస్త్రాణం, నడుంబెల్టు, ఇద్దరు సాక్షులు, చెట్టు ఆరోగ్య ధ్రువపత్రం కావాలన్నారు. దాంతో ఆ సీజన్లో పైకి పోయింది చెట్టొక్కటే. సూర్యాస్తమయ వీక్షణం మాత్రం బాగా నడుస్తోంది. సూర్యుడు సంస్థ అధీనంలో లేడు.

అందుచేత వారం తిరక్కుండా మూడు భాషల్లో రంగుల కరపత్రం వెలువడింది. "రండి! భార్యలు భర్తలను సచ్చీలురని కొనియాడే ఏకైక ద్వీపం! ప్రతి ఉదయం రేవులో ప్రత్యక్ష ప్రదర్శన! కుటుంబ సమేతంగా చూసి తరించండి!"

పర్యాటకంలో ఆట ఉంది, ఆటంకమూ ఉంది. ఇక్కడ ఆటంకం ఏమిటో చెప్పాలంటే గవ్వలదీవి జనం సంగతి ముందు చెప్పాలి.

వాళ్ళు మూడు నాలుగు తరాల కిందట శ్రీకాకుళం తీరం నుంచి చేపల వెంటబడి వచ్చి, చేపలు ఆగినచోట ఆగిపోయినవాళ్ళు. సముద్రానికి చెవులున్నాయని వాళ్ళ నమ్మకం. పడవ నిండా చేపలొచ్చినప్పుడు "అబ్బో ఎన్ని చేపలో!" అని ఎవరైనా మురిసిపోతే, సముద్రం ఆ మాట విని "అరే, మరీ ఎక్కువ ఇచ్చేశానే" అనుకుని మర్నాడు గుప్పిట మూసేస్తుందట. అందుకని నిండు పడవ రాగానే పెళ్ళాం ఒడ్డున నిలబడి, సముద్రానికి వినబడేలా మొగుణ్ణి తిట్టాలి. ఏమీ తేలేదని తిట్టాలి, చేతకానివాడని తిట్టాలి, వాడి వలని తిట్టాలి. పడవ ఖాళీగా వచ్చిన రోజున మాత్రం ఒక్క తిట్టుండదు. "రా మావా, అలిసిపోనావు, కూకో" అని మెత్తగా మాట్లాడుతుంది. మొగుడు గుండె దిటవు చేసుకుంటాడు, సముద్రం సిగ్గుపడుతుంది. ఒడ్డున తియ్యటి మాట వినబడిందంటే ఇరుగుపొరుగు గంజి గిన్నెలు పట్టుకుని పరామర్శకు వస్తారు.

తిట్టుకీ చేపకీ కొలత ఉంది. కవళ్ళలాంటి చిన్న చేపలు పడితే సోమరిపోతు, తిండిపోతు సరిపోతాయి. చందువాలకు "సచ్చినోడా" పలుకుతుంది. వంజరాలు పడితే మొగుడి తాతముత్తాతలు లేచి రావాలి. సూరచేపల గుంపు పడిన రోజున తాతముత్తాతలు లేచొచ్చి, మళ్ళీ పారిపోవాలి.

ఈ తిట్ల మీదే దీవి బతుకు నడుస్తోంది. చేపలు కొనే ఐసు లాంచీ దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలకు అవతలే ఆగుతుంది. పోటు బాగా ఉన్నప్పుడు తప్ప లోపలికి రాలేదు. అక్కణ్ణుంచి కొబ్బరితోపు తప్ప రేవు కనబడదు. అందుకని లాంచీ నడిపే సరంగు గఫూరు కప్పు మీదకెక్కి చెవి ఒగ్గుతాడు. తిట్లు వినబడితే లోపలికి, వినబడకపోతే పక్కదీవికి. తిట్టు ఘాటును బట్టి ఎన్ని ఐసు దిమ్మలు పగలగొట్టాలో కూడా అక్కడే తేల్చుకుంటాడు. ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. టవరుకు శంకుస్థాపన జరిగింది. శంకు ఉంది, స్థాపనే మిగిలింది.

ఈ సంగతులు శశిశేఖరం గారికి ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవరినీ అడగలేదు. అడిగి తెలుసుకోవడం ఆయన హోదాకు రెండు మెట్లు కింద ఉన్నవాళ్ళ పని.

కరపత్రం చూసి జనం వచ్చారు. రేవులో కుర్చీలు వేశారు. మొదటి వరసలో ఒక విశ్రాంత తెలుగు పండితుడు సతీసమేతంగా ఆసీనుడయ్యాడు. ఆ ఉదయం సూరాడ ఎల్లాజీ పడవలో వంజరాలు పడ్డాయి. ఎల్లాజీ పెళ్ళాం కొర్లమ్మ, అంటే ఆ మొదటిరోజు శశిశేఖరం గారిని సంస్కృతంలో ముంచెత్తిన ఆవిడే, నీళ్ళలోకి నాలుగడుగులు వేసి చెయ్యవలసిన పని చేసింది. గాలి కుర్చీలవైపే వీస్తోంది.

పండితుడు లేచి ఉపసంచాలకుల దగ్గరకు వచ్చాడు.

"అయ్యా, అది సచ్చీలుడా కాదండీ."

"మరి?"

"సచ్చినోడా."

"రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నట్టున్నాయే?"

"ఒకటి శీలానికి చెందింది. రెండోది శవానికి చెందింది."

శశిశేఖరం గారు పాలిపోయారు. "మిగతా మాటలో?"

"అవి నా నోట రావు. మా ఆవిడ మాత్రం దగ్గరికెళ్ళి రెండుసార్లు చెప్పించుకుని మరీ నేర్చుకుంది" అని పండితుడు దిగులుగా వెనక్కి చూశాడు.

ఇంకొకరైతే కరపత్రం సవరించేవారు. శశిశేఖరం గారు అలా ఆలోచించే మనిషి కాదు. కరపత్రం మూడు భాషల్లో అచ్చయింది. అచ్చయినది తప్పు కావడానికి వీల్లేదు. అందుచేత తప్పు ఒడ్డుదే. దిద్దవలసింది ఒడ్డునే.

కొర్లమ్మకు కబురు వెళ్ళింది. చేపల గంపతోనే వచ్చింది. గంపను ఆయన బల్ల పక్కన దించి, పైటతో మొహం తుడుచుకుంది.

"చూడమ్మా కొర్లమ్మా. మీ దాంపత్యంలో కలతలున్నట్టు సంస్థ దృష్టికి వచ్చింది."

"దిష్టా? దిష్టి తగలకండానే గదా బావూ తిడతన్నాం!"

"దిష్టి కాదమ్మా, దృష్టి."

"ఏదయితేటి, రెండూ కళ్ళలోంచే గదా వచ్చీది. మా మావతోటి నాకు కలతేటి? బంగారంలాటోడు. గట్టిగా తుమ్మితే నాకేటయిపోద్దో అని అటు తిరిగి తుమ్ముతాడు."

"అటువంటి మనిషిని నిన్న ఉదయం ఏమన్నావు?"

"నిన్నటేలా? నిన్న వంజరాలు పడ్డాయి గదా!" అంది కొర్లమ్మ, ఇంత పెద్ద ఉద్యోగం చేసే మనిషికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

ఆయన పద్మనాభం వైపు తిరిగారు. "చూశావా? రాబడి ఉన్నప్పుడే కలహం. దీన్ని ఏమంటారో తెలుసా? ఆర్థికమూలక దాంపత్య వైషమ్యం."

"అనక తప్పదు సార్."

"బావూ, నా మాట ఇనండి. సముద్దరం ఇంటాది. నోరారా పొగిడినామనుకో, రేపటేల..."

"సముద్రం వినదమ్మా. సందర్శకులు వింటారు. సముద్రానికి మనం టిక్కెట్టు అమ్మలేదు."

"మీరమ్మకపోయినా అదొచ్చి కూకుంది గదా, మొదటి వరసలోన!"

ఆయన నవ్వలేదు. నవ్వడానికి పై ఆఫీసు అనుమతి రాలేదు. బదులుగా ఆయన బల్ల మీంచి ఉత్తర్వు వచ్చింది. దాని పేరు "తీరప్రాంత దాంపత్య సంభాషణల మాధుర్యీకరణ". సారాంశం ఇది: "గవ్వలదీవి రేవునందు పడవలు చేరు సమయమున భార్యలు భర్తలనుద్దేశించి పలుకు సమస్త పలుకులును ఇకమీదట మధురముగా ఉండవలెను. మాధుర్యము చాలదని సంస్థ అభిప్రాయపడినచో సదరు దంపతుల పడవకు రేవు వినియోగ అనుమతి రద్దగును."

అనుమతి రద్దయితే పడవ కట్టుకునే చోటుండదు. చుట్టూ పగడపు దిబ్బలే. ఇంకెక్కడ ఆపినా పడవ అడుగు చీలికలు పేలికలవుతుంది. ఆడవాళ్ళు గొణిగారు, గోల చేశారు, చివరికి మాధుర్య శిక్షణ తరగతికి వచ్చి కూచున్నారు. చేపల కత్తుల్ని గుమ్మం బయట పెట్టించారు.

శిక్షణ అయ్యాక ఆచరణ. ఎల్లాజీని ఇసకలో ఒక పడవ మీద నిలబెట్టారు. అప్పుడే వేటనుంచి వస్తున్నట్టు నటించమన్నారు. ఎల్లాజీకి నటించడం చేతకాక నిజంగానే చెమట కార్చాడు. కొర్లమ్మ చేతులు జోడించి, నేర్పిన వాక్యం అప్పజెప్పింది.

"ఓ సచ్చీలుడా! నీ రాకతో ఈ తీరం పులకించినది. నీ శ్రమకు నా హృదయము ఆర్ద్రమైనది."

ఎల్లాజీ పడవ మీంచి ఒక్క దూకు దూకాడు.

"ఒలే కొర్లీ! ఏటయిపోనాదే? అమ్మకేటయినా అయిపోనాదేటి? సెప్పీయే, నాను తట్టుకుంతాను!"

"ఏటీ కానేదు మావా, అధికారులు అనమన్నారు."

"ఒట్టే! ఏదో దాసేత్తన్నావు!"

అతను ఇసకలో కూలబడి ఏడుపు లంకించుకున్నాడు. ఈ మాటలు విన్న ఇరుగుపొరుగు గంజి గిన్నెలతో పరుగెత్తుకొచ్చారు. ఎవరు పోయారో తెలియకపోయినా ఇద్దరు ముసలమ్మలు ముందుగానే శోకాలు అందుకున్నారు. శశిశేఖరం గారు పొంగిపోయారు.

"ఎంత సహజమైన స్పందన! పద్మనాభం, స్థానిక కార్యక్రమాల్లో ఇంకొకటి చేర్చు. సామూహిక గంజి విందు!"

మధుర తీరం కార్యక్రమం మొదలైంది. పూలదండలు, హారతి పళ్ళాలు, రేవంతటా మెత్తని మాటలు. సందర్శకులు ఫొటోలు తీసుకున్నారు. మగవాళ్ళు పడవ దిగుతూ పెళ్ళాల మొహాలు చూసి బిక్కచచ్చిపోతున్నారు. దిబ్బల అవతల గఫూరు కప్పు మీద నిలబడి చెవి ఒగ్గాడు. అలల చప్పుడు వినబడింది. కాకుల గోల వినబడింది. "పాపం, ఇయాల దీవికి వేట కలిసిరానట్టుంది" అనుకుని లాంచీ తిప్పేశాడు. ఒడ్డున చందువాలు ఎండ వైపు చూస్తూ పడుకున్నాయి. మర్నాడు గాలి వాటిని దీవంతా తిప్పి చూపించింది.

తిట్టకూడదు సరే, వేరే రకంగా పిలుద్దామనుకున్నారు. ఒకామె కొబ్బరిచెట్టుకు ఎర్రచీర కట్టి ఊపింది. ప్రమాద సంకేతం వలన సందర్శకులు భయభ్రాంతులగుదురని చీర దింపించారు. రేకు డబ్బా వాయించారు, ప్రశాంతతకు భంగమన్నారు. చిన్న పడవలో వెళ్ళి చెప్పొస్తామంటే, కార్యక్రమం నడిచేటప్పుడు సముద్రంలో ఏదీ కదలకూడదు, ఫొటోలకు అడ్డొస్తుందన్నారు. సముద్రం మాత్రం ఉత్తర్వు చదవక కదులుతూనే ఉంది.

ఈలోగా రేవు కంపు విశ్రాంతి గృహందాకా పాకింది. శశిశేఖరం గారు సమస్యను లోతుగా పరిశీలించి, వలలకు అగరొత్తులు గుచ్చమన్నారు. అదీ చాలలేదు. అప్పుడాయన తన సర్వీసులోకెల్లా గొప్ప ఆలోచన చేశారు. కుళ్ళుతున్నవి చేపలు, కనుక చేపలు ఉండకూడదు.

"మీరు వేటకు వెళ్ళండి" అని ఎల్లాజీకి నచ్చజెప్పారు. "వెళ్ళవద్దని నేననను. కాని ఖాళీగా రండి. సందర్శకులు చూసేది పడవల రాకను గాని చేపల రాకను కాదు. పడవలో అందం కోసం మేం థర్మకోలు చేపలు సరఫరా చేస్తాం. రంగు వేసినవి."

"అవి తింతే ఏటయిపోతాం బావూ?"

"తినడానికి కాదయ్యా, చూడ్డానికి!"

"మరి మేం తిండానికి?"

"గంజి విందు ఉందిగా!"

థర్మకోలు చేపలు పడవలెక్కాయి. ఎల్లాజీ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు కార్యక్రమం వేళ ముగిశాక పడవేసుకుని దిబ్బల అవతల గఫూరును పట్టుకున్నాడు. గఫూరు మంచివాడే. కాని సరంగు.

"గఫూరు బాయ్, తిట్లు ఇనిపించకపోయినా లోపలికొచ్చీ. సేపలున్నాయి. నా మాట నమ్ము."

"నీ మాటెట్టా నమ్మను ఎల్లాజీ? చేపలున్నాయని మొగుళ్ళందరూ అంటారు. పెళ్ళాం తిడితేనే ఉన్నట్టు. మా నాయన ఈ లాంచీని చెవులతోటే నడిపాడు, నేనూ అంతే. పోయినసారి మీవోడొకడు రమ్మంటే వచ్చా. చూస్తే పడవలో థర్మకోలు!"

ఎల్లాజీ తల దించుకున్నాడు.

"నిజం చెబుతున్నా విను. వచ్చే పెద్దపోటుకి వస్తా. తిట్టు వినబడిందా, సరే. లేదా, ఈ దీవి నా దారిలోంచి తీసేస్తా. పక్కదీవి ఆడోళ్ళు అప్పుడే గొంతులు సవరించుకుంటన్నారు."

లాంచీ రాకపోతే ఐసు రాదు, బియ్యం రాదు, కిరసనాయిలు రాదు. దీవి జనం మళ్ళీ మూటలు కట్టుకుని చేపలు లేని చోటికి పోవలసిందే. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పాడు ఎల్లాజీ. కొర్లమ్మ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. దాంతో అతనికి ఇంకా భయం వేసింది.

పెద్దపోటు వచ్చిన ఉదయమే మధుర తీరాన్ని పరిశీలించడానికి సంస్థ కమిషనరు దేవకీరాణి గారు కూడా వచ్చారు.

ఆవిడ దిగడానికి శశిశేఖరం గారు తడి ఇసక మీద ఎర్ర తివాచీ పరిపించారు. ఆవిడ దాని మీద కాలు పెట్టగానే, తివాచీ ఒక దారిన, కాలు ఇంకొక దారిన వెళ్ళాయి.

"సముద్రం ఒడ్డున తివాచీ ఏమిటయ్యా? బుద్ధుందా? ఎవడిచ్చాడయ్యా నీకు ఈ పోస్టు? రేపు అలల మీద కూడా పరుస్తావా? అసలు ఆ కంపేమిటి? అగరొత్తుల వాసన ఏమిటి? ఇది రేవా, సమాధా?"

"మేడమ్... మేడమ్... మేడమ్..." అంటూ శశిశేఖరం గారు ఒక్కొక్క తిట్టుకూ ఒక్కొక్క అంగుళం తగ్గుతూ వచ్చారు.

"ఏడ్చావులే. మొదలుపెట్టు."

సందర్శకులు కుర్చీల్లో సర్దుకున్నారు. కొత్తగా తెచ్చిన మైకు కొర్లమ్మ చేతికిచ్చారు. రేవుకు నాలుగువైపులా లౌడ్‌స్పీకర్లు కట్టారు. కొబ్బరితోపు మలుపులోంచి పడవలు బయటపడ్డాయి. ముందున్నది ఎల్లాజీ పడవ. దాని అంచు నీళ్ళకు జానెడు ఎత్తున కూడా లేదు. శశిశేఖరం గారు ముందుకు పరుగెత్తి లోపలికి తొంగిచూశారు. సూరచేపలు. పడవ నిండా, మనుషుల మోకాళ్ళదాకా, నీలంగా మెరిసిపోతూ సూరచేపలు. వెనక పడవల్లోనూ అవే.

"ఖాళీగా రమ్మన్నానా లేదా?" అన్నారాయన పళ్ళు బిగించి.

"అవి ఆగనేదు బావూ. గుంపు గుంపంతా వలలోకొచ్చీసినాది. ఉత్తర్వు సూపించడానికి టయిము సాల్నేదు."

"పట్టా కప్పండి! పట్టా మీద థర్మకోలు చేపలు పేర్చండి! త్వరగా! అమ్మా కొర్లమ్మా, ఊఁ, కానివ్వు. మాధుర్యం! మాధుర్యం!"

కొర్లమ్మ ఎడమచేత పూలదండ, కుడిచేత మైకు పట్టుకుని నీళ్ళ అంచున నిలబడింది.

"ఓ సచ్చీలుడా..." అంది. నాలుగు లౌడ్‌స్పీకర్లూ ఆ మాటను దీవి మీద తేనెలా పూశాయి. "నీ రాకతో ఈ తీరం పులకించినది..."

దిబ్బల అవతలినుంచి లాంచీ హారన్ ఒక్కసారి, పొడుగ్గా మోగింది. అది తిరిగిపోయేటప్పటి మోత. దీవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పడవల్లో మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒలే కొర్లీ" అన్నాడు ఎల్లాజీ, "ఎల్లిపోతన్నాడే."

కొర్లమ్మ సూరచేపల వైపు చూసింది. రేవు అనుమతి కాగితం గుండె జేబులో పెట్టుకుని నిలబడ్డ శశిశేఖరం గారి వైపు చూసింది. చేతిలో ఉన్న మైకు వైపు చూసింది. మైకు దొరికితే మైకం కమ్మే పెద్దమనుషుల్ని ఆవిడ ఆ సీజన్లో చాలామందిని చూసింది. ఆవిడకు మైకం రాలేదు, మాటలొచ్చాయి. పూలదండను తీసుకెళ్ళి ఒక థర్మకోలు చేప మెళ్ళో వేసి, ఊపిరి నిండా పీల్చింది.

"ఒరే సచ్చినోడా!"

తోపులో కాకులు ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఏటి తెచ్చినావురా, నాలుగు పరిగిపిల్లలా? ఇదేటి ఏటా, ఇదేటి బతుకా? నీ వల కుళ్ళిపోను, నీ తెడ్డు ఇరిగిపోను! నీకన్నా ఒడ్డున కూకున్న పిల్లి నయంరా, కాలు తడవకండా సేప తెచ్చుకుంటాది! మీ అయ్య ఏటకెళ్తే ఎండ్రకాయి నవ్వినాది! మీ తాత ఏటకెళ్తే సముద్దరం సిగ్గుతోటి ఎనక్కెళ్ళిపోనాది! మీ ముత్తాత వలేస్తే వలే ఆడిని పట్టుకున్నాది! ఏ మొకం పెట్టుకుని ఒడ్డుకొచ్చినావురా ఒట్టి సేతులోడా!"

ఎల్లాజీ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు తన పెళ్ళాం తనకు తిరిగొచ్చిందని అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వెనక ఉన్న ఆడవాళ్ళందరూ హారతి పళ్ళాలు ఇసకలో పెట్టి, నడుం మీద చేతులు వేసి, ఎవరి మొగుణ్ణి వాళ్ళు అందుకున్నారు. దీవి దద్దరిల్లింది. పడవల్లో మగవాళ్ళు వరసగా నిలబడి, తలో తిట్టూ తల వంచి ఆశీర్వచనంలా అందుకుంటున్నారు.

దిబ్బల అవతల హారన్ రెండుసార్లు మోగింది. తరవాత ఆగకుండా మోగింది. కొబ్బరితోపు మలుపులోంచి ఐసు లాంచీ ముక్కు బయటికొచ్చింది. కప్పు మీద గఫూరు రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు.

"ఆపు కొర్లమ్మా! ఇంక తిట్టొద్దు తల్లీ! ఐసు చాలదు!"

శశిశేఖరం గారు ఒక చేత్తో గుండె, ఇంకొక చేత్తో మైకు తీగ పట్టుకుని వెతుకుతున్నారు. తీగ ఎక్కడ ఊడుతుందో ఆయనకు తెలియదు. సందర్శకులు పిల్లల చెవులు మూసి, తమ చెవులు తెరుచుకున్నారు.

"ఆగండి!" అని కమిషనరు గారు లేచారు. "ఏం జరుగుతోంది ఇక్కడ? ఈవిడ అన్నేసి మాటలంటుంటే ఆయన అలా మురిసిపోతాడేమిటి? ఆ లాంచీ ఏమిటి? ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెబుతారా?"

"మేడమ్, ఇది ఆర్థికమూలక..." అని శశిశేఖరం గారు మొదలుపెట్టారు.

"నువ్వు కాదు."

కొర్లమ్మ మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది. ఈసారి గొంతు తగ్గించింది. అయినా దీవంతా వినబడింది.

"అమ్మా, సెప్తాను ఇనండి. కుర్సీలోన కూకున్న బావులూ, మీరూ ఇనండి. మా మావ ఇయాల తెచ్చినన్ని సేపలు నా పెళ్ళయినకాణ్ణుంచి నాను సూణ్ణేదు. ఆ మాట పైకి అనకూడదు. సముద్దరం ఇంటే రేపు ఇవ్వదు. అందుకనీసి తిడతాం. ఎంత తిడితే అన్ని సేపలు. ఆ లాంచీ బాబు దూరంకాణ్ణుంచి ఇనేది ఈ తిట్టే. తిట్టు ఇనిపిస్తేనే వస్తాడు, వస్తేనే మేం తింతాం. ఈ బావు తిట్టొద్దన్నాడు, తియ్యగా మాటాడమన్నాడు. మా ఒడ్డున తియ్యగా ఎప్పుడు మాటాడతామో తెల్సా? పడవ కాళీగా వచ్చినప్పుడు. సేతిలో ఏటీ నేక, ఇంక సెయ్యగలిగిందేటీ నేక ఒడ్డుకొచ్చిన మనిసికి తియ్యటి మాటొక్కటే గదా ఇవ్వగలం. ఈ సీజనంతా ఈ బావు మా సేత మా మొగుళ్ళకి రోజూ సావు కబురు సెప్పించినాడు. అంతే తల్లీ. ఇందులోన మా మొగుడూ పెళ్ళాలకి తగువేటీ నేదు."

ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. లాంచీ వచ్చి ఎల్లాజీ పడవకు ఆనుకుంది. మనుషులు పట్టా లాగి పారేసి సూరచేపలు అందిస్తున్నారు. థర్మకోలు చేపలు ఒక్కొక్కటే అలల మీద తేలుకుంటూ సముద్రంలోకి సెలవు తీసుకున్నాయి.

కమిషనరు గారు ఆ చేపల్ని కళ్ళతోనే సాగనంపారు. తరవాత నెమ్మదిగా శశిశేఖరం గారి వైపు తిరిగారు. ఉదయం తివాచీ దగ్గర ఉన్న మొహం కాదది. ఎంతో చల్లగా ఉంది. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"శశిశేఖరం గారూ" అన్నారు. ఆ "గారూ" ఆవిడ నోట ఆయన మొదటిసారి వినడం. "మీరు చాలా శ్రమపడ్డారండీ. ఎండలో నిలబడి ఎంత అలిసిపోయారో! ఇంత నిబద్ధత గల అధికారి దొరకడం సంస్థ అదృష్టం. ఇక మీరు కొన్నాళ్ళు ఇంటిపట్టున హాయిగా విశ్రాంతి తీసుకోవాలి. ఇక్కడి విషయాలు మేం చూసుకుంటాంగా. మీరేం బెంగపెట్టుకోకండి."

ఆడవాళ్ళందరూ ఒక్కసారి నోటికి పైట అడ్డం పెట్టుకున్నారు. ఎల్లాజీ చేతిలో చేపను అలాగే పట్టుకుని, జాలిగా చూస్తూ ఒక అడుగు పక్కకు జరిగి, పడవ అంచు మీద ఆయన కూర్చోవడానికి చోటిచ్చాడు.

సీజనంతా చెప్పినా అర్థం కాని సంగతి శశిశేఖరం గారికి ఆ నాలుగు మాటల్లో అర్థమైపోయింది. కమిషనరు గారి ముందు రెండు చేతులూ జోడించారు.

"మేడమ్... మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి తిట్టండి మేడమ్!"

ఆవిడ ఇంకా తియ్యగా నవ్వారు.